నూట పన్నెండో పేజీలోని మాట

హోటల్‌లో అందరూ ఆమెను సూది అనేవారు. కుట్టుపని చేస్తుంది కాబట్టి కొంత, నోరు పదును కాబట్టి మరికొంత. నేలమాళిగలో లాండ్రీ పక్కన చిన్న గది ఆమెది. చిరిగిన దుప్పట్లకు మాసికలు వేయడం, కర్టెన్ల అంచులు సరిచేయడం, కొత్తగా వచ్చిన ప్రతి దుప్పటి మూలా, తువ్వాలు మూలా ఎర్రదారంతో హోటల్ పేరు కుట్టడం పని. పదకొండేళ్లుగా ఆ అక్షరాలు కుడుతూనే ఉంది. చదవడం మాత్రం రాదు.

ఆ హోటల్‌లో రెండు భాషలు నడిచేవి. కింద లాండ్రీలో, వంటగదిలో మాట్లాడుకునేది ఇంటి భాష. పైన కౌంటర్ల దగ్గర, కాగితాల మీద ఉండేది ఆఫీసు భాష. కిందివాళ్లకు ఆఫీసు భాషలో నాలుగు మాటలు తెలిస్తే గొప్ప. వాటిలో రెండు తిట్లు.

సూది వాళ్ల అక్క అదే లాండ్రీలో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. ఉతికిన దుప్పట్లను లెక్కపెట్టి అరల్లో పెట్టే బాధ్యత ఆమెది. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా కాలు తొక్కితే తనే "అయ్యో" అని పక్కకు జరిగే రకం. అలాంటి అక్కను ఒక సోమవారం పొద్దున మేనేజరు పైకి పిలిపించాడు. నలభై జతల కొత్త దుప్పట్లు మాయమయ్యాయని, కారణం నువ్వేనని, అంతా కాగితం మీద ఉందని చెప్పి, పోలీసులను పిలవకుండా వదిలేస్తున్నందుకు సంతోషించమన్నాడు. పది నిమిషాల్లో అక్క సంచిని వెనక గేటు దగ్గర నేల మీద కుమ్మరించి చూశారు. ఒక దువ్వెన, ఒక కళ్లజోడు పెట్టె, అన్నం డబ్బా బయటపడ్డాయి.

సూది పరుగున సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. లాండ్రీ, గదులు, బట్టలు అన్నీ ఆవిడ కింద ఉండేవి. కిందివాళ్లంతా ఆవిడను పెద్దమేడమ్ అనేవారు.

"మేడమ్, మా అక్క సంగతి మీకు తెలీదా? పంతొమ్మిదేళ్లు మీ కళ్ల ముందే కదా పనిచేసింది!"

పెద్దమేడమ్ తన బల్ల మీది కాగితాలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు. "చదువు రానివాళ్లతో ఇదే గొడవ. కాగితం మీద ఏముందో చదువుకోలేరు. మళ్లీ న్యాయం, ధర్మం అని పైకొస్తారు. ముందు నాలుగక్షరాలు నేర్చుకుని రా, అప్పుడు మాట్లాడదాం."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు గుమస్తాలు నవ్వారు. ఆ నవ్వు సూది చెవుల్లో సీసం పోసినట్టు దిగింది. సరే, నేర్చుకునే వస్తానని ఆ క్షణమే అనుకుంది. ఆ భాషలోనే ఆవిడకు జవాబు చెప్పాలి. ఆవిడ తలెత్తి వినేలా చెప్పాలి.

ఇంటి దగ్గర అక్క పరిస్థితి చూస్తే ఆ పంతం ఇంకా బిగిసింది. అక్క నెల రోజులు వీధి మొహం చూడలేదు. బావ తిట్టలేదు, కొట్టలేదు. అంతకన్నా ఘోరమైన పని చేశాడు. అన్నం తింటూ తల దించుకుని, "ఎంతకి అమ్మావు?" అని నెమ్మదిగా అడిగాడు. ఆ తర్వాత బస్సుస్టాండు వెనక ఒక చిన్న బట్టలుతికే కొట్టులో పనికి కుదిరింది. ఇంట్లో ఉంటే భర్త కళ్లలోకి చూడాల్సి వస్తుందని.

హోటల్లో దిగినవాళ్లు మర్చిపోయిన వస్తువులకు ఒక బీరువా ఉండేది. మూడు నెలల దాకా ఎవరూ అడగకపోతే పనివాళ్లు తీసుకోవచ్చు. గొడుగులు, చార్జర్లు ముందే ఎగిరిపోయేవి. అడుగున ఒక లావుపాటి నవల మిగిలిపోయింది. అట్ట మీద కొండదారి, దానిమీద వెన్ను చూపిస్తూ నడిచిపోతున్న ఒక మనిషి. ఆఫీసు భాషలో ఉంది కాబట్టి కిందివాళ్లకెవరికీ అక్కర్లేకపోయింది. సూది తీసుకుంది.

చదివించేవాడు కూడా హోటల్లోనే దొరికాడు. సామాన్ల లిఫ్టు నడిపే పెద్దాయన ఒకప్పుడు బడిలో చదువు చెప్పినవాడు. రోజంతా స్టూలు మీద కూర్చుని పాత పేపర్లు చదువుకునేవాడు. సూది ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. బట్టల బండితో లిఫ్టు ఎక్కినప్పుడల్లా పుస్తకం తెరిచి పట్టుకునేది.

"బాబాయ్, ఇదేం మాట?"

"ప్రయాణం."

"ఇది?"

"అన్వేషణ. అంటే వెతకడం. నువ్వు సూది పడేసుకుంటే వెతుకుతావు చూడు, అది కాదు. ఏం పోయిందో తెలీకుండా వెతకడం."

"ఏం పోయిందో తెలీకుండా ఎలా వెతుకుతారు?"

"ఆరో అంతస్తు వచ్చింది, దిగు."

నేలమాళిగ నుంచి ఆరో అంతస్తుకు వెళ్లేలోగా ఒక వాక్యం, దిగి వచ్చేలోగా ఇంకొకటి. అక్షరాల రూపాలు ఆమె వేళ్లకు ముందే తెలుసు. వాటికి చప్పుడు అతికించుకోవడమే మిగిలింది. నేర్చుకున్న ప్రతి మాటనూ చింపిన దిండు గలీబు పీలిక మీద కుట్టేది. కుడితే మర్చిపోదు. దిక్కు. మజిలీ. సరిహద్దు. ఏకాంతం. విముక్తి. రెండు నెలలకు బల్ల సొరుగు నిండా పీలికలు పేరుకున్నాయి.

నవలలో కథానాయకుడు పటాలు గీసే మనిషి. యాభై ఏళ్లు వచ్చేదాకా గది దాటకుండా దేశాలన్నిటి పటాలూ గీశాడు. ఒకరోజు కలం పక్కన పడేసి, తను గీసిన చోట్లు నిజంగా ఉన్నాయో లేదో చూసొస్తానని బయల్దేరాడు. ఓడలెక్కాడు, ఎడారులు నడిచాడు, కనబడ్డ ప్రతి సన్యాసినీ ఆపి ఈ లోకాన్ని గీసినవాడు ఎక్కడుంటాడని అడిగాడు. సూదికి అతని మీద జాలి కంటే ముందు ఒళ్లుమంట పుట్టింది.

"బాబాయ్, ఈయనగారు కొండల మీద దేవుణ్ణి వెతుక్కుంటున్నాడు, బాగానే ఉంది. వేసుకున్న చొక్కా ఎవరుతుకుతున్నారు? ఇన్ని పేజీల్లో ఒక్కచోట కూడా ఉతుకు మాటే లేదు."

లిఫ్టు బాబాయ్ పడీపడీ నవ్వాడు. "రాసినాయనకి ఉత్తరం రాయి."

"రాసేంత వచ్చాక రాస్తా."

అయినా చదవడం మానలేదు. తిట్టుకుంటూనే ఆ పటాలాయన వెంట నడిచింది. ఐదో నెలలో అతను మంచుకొండ మీద ఒక మఠానికి చేరాడు. అక్కడ ముసలి గురువు ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. వయసులో ఉండగా ఒక పటంలో ఖాళీ జాగా చూడ్డానికి బాగోలేదని, లేని నదినొకదాన్ని గీశాడు. ఆ పటం నమ్ముకుని వెళ్లిన వర్తకుల బిడారు నీళ్లు దొరక్క ఎడారిలో రాలిపోయింది. ఆ సంగతి చెప్పే వాక్యం చివర ఒక పొడుగాటి మాట ఉంది. నూట పన్నెండో పేజీలో, కింది నుంచి నాలుగో వరస.

ఆ మాట చూడగానే సూది చేతిలో పుస్తకం ఆగిపోయింది.

ఆ మాటను ఆమె ముందెప్పుడో చూసింది. చదవలేదు, చూసింది. మధ్యలో రెండు అక్షరాలు ఒకదానికొకటి కొక్కెం తగిలించుకున్నట్టు ఉంటాయి. కుట్టడానికి కష్టమైన అక్షరాలని ఆ రోజే అనుకుంది. ఏ రోజు? పెద్దమేడమ్ గదిలో కిటికీ కర్టెన్ ఊడిపోతే కుర్చీ ఎక్కి కుడుతున్న రోజు. అక్క లోపలికి వచ్చింది. పెద్దమేడమ్ ఒక కాగితం ముందుకు తోసి, "కొత్త యూనిఫాం అందినట్టు సంతకం పెట్టు" అంది. పై నుంచి చూస్తున్న సూదికి సంతకం గీత మీద లావుగా అచ్చేసిన ఆ మాట కనిపించింది. అక్క సంతకం పెట్టింది. యూనిఫాం జత తీసుకుని నవ్వుకుంటూ వెళ్లింది. రెండు వారాల తర్వాత ఉద్యోగం పోయింది.

సూది బట్టల బండి కూడా తీసుకోకుండా లిఫ్టులోకి వెళ్లింది. "బాబాయ్, ఈ మాటకి 'అందింది' అని అర్థమా?"

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "అందడమేంటి? నేరం ఒప్పుకోవడం. చేసిన తప్పు నేనే చేశానని నోటితో చెప్పడం. ఏమైందమ్మాయ్? మొహం అలా పాలిపోయిందేం?"

"ఏం లేదు. కిందికి దించు."

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్లింది. అప్పటికింకా ఆమెకు న్యాయం మీద కాస్త నమ్మకం ఉంది. అక్క సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉందా అని అడిగింది.

"ఉంది. నేరం ఒప్పుకుంది కాబట్టే పోలీసులను పిలవలేదు. అయితే?"

"యూనిఫాం కాగితమని చెప్పి పెట్టించారు సార్. నేనక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను."

మేనేజరు పెద్దమేడమ్‌ను పిలిపించాడు. ఆవిడ వచ్చి, సంగతి విని, ముందు ఆశ్చర్యపడి ఆ తర్వాత ఆనందించింది. "చదవడం నేర్చుకున్నావా? ఎక్కడ?"

"నవల చదివి."

"ఏం నవల?"

చెప్పక తప్పలేదు. దేవుణ్ణి వెతుక్కుంటూ పోయిన పటాలాయన కథ చెప్పింది. పెద్దమేడమ్ మేనేజరు వైపు తిరిగింది. "విన్నారా సార్? సన్యాసుల కథ చదివి లాయరై వచ్చింది. రేపు వంటావిడ జోలపాట విని డాక్టరై వస్తుంది." మేనేజరు నవ్వాపుకోలేక దగ్గాడు. సాయంత్రానికి ఆ మాట ఆరు అంతస్తులూ తిరిగింది. మెట్ల మీద ఎదురైనవాళ్లు "లాయరమ్మగారూ" అని పలకరించారు.

సూది ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆమె నోరు మూసుకున్నదంటే భయపడాలని పాతవాళ్లకు తెలుసు. పెద్దమేడమ్‌కు తెలీదు.

ఆ ఆదివారం అక్క దగ్గరికి వెళ్లి కాగితం సంగతి చెప్పింది. అక్క ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. లేచి పెట్టె తెరిచి ఒక దుప్పటి తీసింది.

"ఇది చూడు."

తెల్లటి దుప్పటి. మూల మీద ఏమీ లేదు. అక్క దాన్ని కిటికీకి అడ్డంగా పట్టింది. వెలుతురు పడేసరికి సన్నటి చిల్లులు వరసగా మెరిశాయి. దారం పీకేశారు గానీ సూది పోట్లు పోలేదు. అక్షరం అక్షరం కలిపితే హోటల్ పేరు. చివర అక్షరం కింద రెండు చిల్లులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ముడి రెండుసార్లు వేయడం సూదికి అలవాటు. ఇంకెవరూ అలా వేయరు.

"ఎక్కడిది?"

"మా కొట్టుకి ఒక లాడ్జి బట్టలొస్తాయి. అన్నీ ఇలాంటివే. ఆ లాడ్జి నడిపేది పెద్దమేడమ్ తమ్ముడు. మూటలు అతనే తెచ్చి దింపుతాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఒకదాని బదులు మా ఇంట్లోని కొత్త దుప్పటి పెట్టి, ఇది దాచుకున్నాను."

"ఎన్నాళ్లయింది?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలల నుంచి తెలిసి నోరెత్తలేదా?"

"ఎవరికి చెప్పనే? చెబితే ఈ పని కూడా పోతుంది. ఊరికే ఒకటి దగ్గరుంచుకున్నా. నేను చెయ్యలేదని నాకు నేను చెప్పుకోడానికి." దుప్పటి మడుస్తూ, "ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నేనే లెక్క తప్పానేమోనని" అంది.

ఆ చివరి మాట సూది గుండెలో దిగబడింది. ఉద్యోగం తీసేశారు, పరువు తీశారు, అదంతా ఒక ఎత్తు. తన మీద తనకే అనుమానం వచ్చేలా చేశారు. ఆ పాపానికి ఆ నవలలో కూడా మాట లేదు.

"ఇది నాకివ్వు" అంది.

"మేనేజరుకి చూపిస్తావా?"

"మేనేజరుకి చూపిస్తే గదిలోనే చప్పబడిపోతుంది. ఆవిడ నన్ను నలుగురి ముందు నవ్వులపాలు చేసింది. నాకు గది చాలదు. హాలు కావాలి."

"నాకు పగ వద్దే. ఆ మచ్చ పోతే చాలు."

"నీకు వద్దులే. నాకు కావాలి."

హాలు తనంతట తానే వచ్చింది. పెద్దమేడమ్ ఆ హోటల్లో చేరి పాతికేళ్లు నిండుతున్నాయి. మధ్యాహ్నం భోజనం పెట్టి సన్మానం చేయాలని యజమానురాలు నిర్ణయించింది. ఆమె బాగా పెద్దావిడ. ఏడాదికి ఒకటి రెండుసార్లే హోటలుకు వచ్చేది. పెద్దమేడమ్‌తో కలిపి ఎనభై నాలుగు మంది కూర్చుంటారు. ప్రతి ఒక్కరి పళ్లెంలో తెల్లటి గుడ్డ నాప్‌కిన్, దానిమీద ఎర్రదారంతో "పాతికేళ్ల నమ్మకమైన సేవకు" అన్న మాటలు, కింద పెద్దమేడమ్ పేరు. కుట్టవలసింది సూదే. పెద్దమేడమ్ స్వయంగా కిందికి దిగి వచ్చి చెప్పింది.

"లాయరమ్మా, అక్షరాలు తప్పు పోకూడదు. ముందు ఒకటి కుట్టి చూపించు."

సూది ఒకటి కుట్టి చూపించింది. చాలా బాగా కుట్టింది. పెద్దమేడమ్ వేలితో తడిమి మురిసిపోయింది. మిగతా ఎనభై మూడు చూడటానికి మళ్లీ రాలేదు.

మూడు వారాల గడువు. మొదటి రెండు రోజులు సూది దారం కూడా ఎక్కించలేదు. ఏం రాయాలో ఆలోచించింది. పెద్దమేడమ్ అక్క నోట్లో ఏ మాట పెట్టిందో ఆ మాటే ఆవిడ నోట్లో పెట్టాలి. అంతవరకు తేలికే. కానీ మిగతా మాటలు? దొంగతనాన్ని ఆఫీసు భాషలో ఏమంటారో ఆమెకు తెలీదు. పటాలాయన పుస్తకంలో ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఒకచోట అతని మూట పోతే, ఎవరో తన భారం నుంచి తనకు విముక్తి ప్రసాదించారని ఆనందపడ్డాడు తప్ప దొంగ అన్న మాట వాడలేదు. లిఫ్టు బాబాయ్‌ని అడగొచ్చు. అడిగితే రేపు ఆయన ఉద్యోగానికే ఎసరొస్తుంది. అందుకని సొరుగులో ఉన్న పీలికలన్నీ బల్ల మీద పరచి, వాటితోనే సరిపెట్టుకుంది. నలభై అన్నది గది నంబర్ల వల్ల తెలుసు. దుప్పటి అన్నది అరల మీద చీటీల వల్ల తెలుసు. తమ్ముడు అన్నది మఠంలో సన్యాసులు ఒకరినొకరు పిలుచుకునే మాట. మాటలు చాలని చోట దండిగా ఉన్న మాటలే వాడింది.

ఇప్పుడు లిఫ్టుతో పనిలేకుండా రాత్రిళ్లు తనే చదువుకుంటోంది కాబట్టి, ఆ మూడు వారాల్లోనే నవల కూడా చివరికొచ్చింది. పటాలాయన ఎడారిలో చనిపోయినవాళ్ల ఊరికి వెళ్లి, వాళ్ల పిల్లల ముందు తల వంచాడు. వాళ్లు అతన్ని లేపి కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. క్షమ అన్న మాట ఆ ఒక్క అధ్యాయంలో పదకొండు సార్లు వచ్చింది. సూది ఆ మాట నేర్చుకుంది, కుట్టుకుంది, సొరుగులో పెట్టింది. దాంతో పని పడలేదు. ఆ పటాలాయన కనీసం తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లి అడిగాడు. పెద్దమేడమ్ బస్సుస్టాండు వెనక కొట్టుకి ఏనాడు నడిచి వచ్చింది?

సన్మానం రోజు నాప్‌కిన్లు మడత పెట్టే పని కూడా సూదిదే. పై మడత మీద పెద్దమేడమ్ పేరు మాత్రమే కనిపించేలా, మిగతాదంతా లోపలికి పోయేలా మడిచింది. మొదట కుట్టి చూపించిన అసలు నాప్‌కిన్‌ను పెద్దమేడమ్ పళ్లెంలో పెట్టింది. తర్వాత హాలు చివర, వడ్డించేవాళ్లు నిలబడే గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మడత పెట్టిన దుప్పటి ఒకటి చంకలో ఉంది.

అందరూ కూర్చున్నారు. మేనేజరు నాలుగు మాటలు పొగిడాడు. పెద్దమేడమ్ మెడ కాస్త వంచి, నవ్వీ నవ్వనట్టు వింది. సూప్ గిన్నెలు వచ్చాయి. ఎనభై నాలుగు చేతులు నాప్‌కిన్లు విప్పాయి.

మొదట ఒకరు పక్కవాళ్ల ఒళ్లోకి తొంగిచూశారు, వాళ్లది కూడా అదేనా అని. పెద్దమేడమ్ ఒక్కతే తన నాప్‌కిన్ చదువుకుని, గుండెల మీద చేయి వేసుకుని అందరి వైపు కృతజ్ఞతగా చూసింది. అంతా తననే చూస్తున్నారు. వాళ్ల కళ్లు చెమర్చాయనుకుంది.

ముసలి యజమానురాలికి చూపు ఆనదు. చదువుతున్నప్పుడు పైకి చదివే అలవాటు. కళ్లజోడు పెట్టుకుని, సన్మాన వాక్యమనుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"ఈ గృహానికి నలభై జతల దుప్పట్ల భారం నుంచి విముక్తి ప్రసాదించినది నేనే. నా తమ్ముడి లాడ్జి వాటి అంతిమ మజిలీ. ఏ పాపం ఎరుగని మనిషి చేత నేను..." అక్కడ ఆగింది. ఆ పొడుగాటి మాట దగ్గర. "నేరం ఒప్పుకోలు రాయించితిని. ఇది నా ఆత్మ యొక్క పిలుపు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, హాలంతా అంటుకుంది. విముక్తి ప్రసాదించిందట! అంతిమ మజిలీయట! సూప్ తాగుతున్న ఒకాయనకు పొలమారింది. సంగతి తెలిసినవాళ్లు నవ్వారు, తెలీనివాళ్లు మాటల కోసం నవ్వారు. సూది నవ్వించాలని రాయలేదు. ఆమెకు ఆ మాటలే వచ్చు. కానీ ఆ నవ్వు గోడకు తగిలి వెనక్కి వస్తుంటే, ఆమెకు ఒళ్లంతా వెచ్చబడింది. ఆరు నెలల కింద గుమ్మం దగ్గర ఇద్దరు గుమస్తాలు నవ్విన నవ్వుకు ఇది వడ్డీతో సహా.

పెద్దమేడమ్ పక్కవాళ్ల ఒళ్లోంచి నాప్‌కిన్ లాక్కుని చదివింది. రంగు దిగిపోయింది.

"ఇది నేను రాయలేదు! అమ్మగారూ, ఇది నా మాట కాదు. నేనెప్పుడూ అనని మాటలు నా పేరు మీద పెట్టారు. ఇదేం అన్యాయం!"

సూది గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చింది. ఆఫీసు భాషలో, తడుముకోకుండా, అందరికీ వినబడేలా చెప్పింది. "మా అక్క తరఫున నేను కూడా అదే అడిగాను మేడమ్. ఇదేం అన్యాయమని. అప్పుడు మీరు తల కూడా ఎత్తలేదు."

"దీన్ని బయటికి పంపండి!" అని మేనేజరు లేచాడు.

"ఉండవయ్యా" అంది యజమానురాలు. ఆవిడ నవ్వలేదు. "నలభై జతలేంటి? లాడ్జి ఏంటి?"

సూది చంకలోని దుప్పటి విప్పి పెద్ద కిటికీకి అడ్డంగా పట్టింది. మధ్యాహ్నపు ఎండ దానిలోంచి పడింది. యజమానురాలు కుర్చీలోంచి లేచి, కర్ర ఊతంతో నడిచి వచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. చూపు ఆనలేదు. వేలితో తడిమింది. చిల్లుల మీదుగా ఒక్కో అక్షరం రాసుకుంటూ తన హోటల్ పేరు తానే చదివింది.

"ఎక్కడ దొరికింది?"

"అంతిమ మజిలీలో అమ్మగారూ" అంది సూది. హాలు మళ్లీ గొల్లుమంది.

ఆ సాయంత్రం కాకముందే ఇద్దరు మనుషులు లాడ్జికి వెళ్లి ముప్పై ఏడు జతలు పట్టుకొచ్చారు. తమ్ముడు మొదటి ప్రశ్నకే పెద్దమేడమ్ పేరు చెప్పేశాడు. హోటల్ పరువు పోతుందని యజమానురాలు పోలీసులను పిలవలేదు. సూదికి అది నచ్చలేదు. చెయ్యనిదానికి మా అక్కను పోలీసుల పేరుతో బెదిరించి, చేసినావిడకు ఆ బెదిరింపు కూడా లేదా అని మొహం మీదే అడిగింది. "ఈ నోటితో నీకు ఇక్కడ ఉద్యోగం నిలవదు" అంది యజమానురాలు. మేనేజరు ఆ మాటనే పట్టుకుని, ఎనభై మూడు నాప్‌కిన్లు పాడుచేసినందుకు, అతిథుల ముందు హోటలును అల్లరి పాలు చేసినందుకు సూదిని పనిలోంచి తీసేశాడు. ఆమె ముందే అనుకున్న సంగతే. సొరుగులోని పీలికలను సంచిలో వేసుకుంది. లిఫ్టు బాబాయ్ ఆమెను కిందికి కాకుండా ఆరో అంతస్తు దాకా తీసుకెళ్లి, మళ్లీ దించాడు. దిగేటప్పుడు, "విముక్తి తర్వాత ప్రసాదించడం వాడావు చూడు, ఆ ప్రయోగం బాగుంది" అన్నాడు.

పెద్దమేడమ్ ఉద్యోగం కూడా పోయి శుక్రవారం వెళ్లిపోతుందని తెలిసి, సూది ఆ రోజు పనిగట్టుకుని వెనక గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. ముందు ద్వారం గుండా పోవడానికి మొహం చెల్లక ఆవిడ అటే వచ్చింది. చేతిలో ఒక తోలు సంచి.

"తృప్తిగా ఉందా?" అంది పెద్దమేడమ్. గొంతులో పాత బిగువు లేదు.

"ఇంకా లేదు మేడమ్. సంచి తెరవండి, చూసి చెబుతాను."

కాపలావాడు ఇబ్బందిగా ఇద్దరినీ చూశాడు. చివరికి, పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి సంచి కుమ్మరించింది తనేనని గుర్తొచ్చిందేమో, చేయి చాచాడు. పెద్దమేడమ్ సంచి తెరిచింది. లోపల మామూలు వస్తువులే. ఒక అద్దం, మందులు, ఊలు మేజోళ్లు. సూది నింపాదిగా చూసింది. తొందరపడలేదు. మందులు ఏ జబ్బుకో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది.

"ఇప్పుడుంది" అంది.

అక్కకు హోటల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసు భాషలో. సూదే చదివి వినిపించింది. జరిగినదానికి విచారిస్తున్నామని, నేరారోపణ కొట్టివేస్తున్నామని, పాత ఉద్యోగంలో చేరవచ్చని ఉంది. అక్క ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకుంది.

"సంచి కూడా చూపించమన్నావట" అంది తర్వాత.

"అన్నాను."

"ఆ మచ్చ పోతే చాలనుకున్నాను నేను. ఆవిడ నవ్వులపాలు కావాలని ఎప్పుడూ అనుకోలేదే."

"నేను అనుకున్నానక్కా. అదే అనుకున్నాను."

అక్క చెల్లెల్ని కోప్పడాలో, ముద్దు పెట్టుకోవాలో తేల్చుకోలేనట్టు చూసి, ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టుకుంది.

అప్పుడే బావ గుమ్మంలోకి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టుకుని, "నేను ముందే అనుకున్నాను, నువ్వు అలాంటిదానివి కాదని..." అని మొదలుపెట్టాడు.

"నువ్వేమనుకున్నావో నాకు తెలుసు" అంది అక్క. అంతే. గొంతు పెంచలేదు. ఇన్నేళ్లలో సూది ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

మొదటి రోజు పనికి అక్క కొత్త యూనిఫాం వేసుకుని వెళ్లింది. సూది అప్పటికి ఒక కర్టెన్ల దుకాణంలో చేరింది. సాయంత్రం దుకాణం నుంచి నేరుగా హోటల్ వెనక గేటుకి వచ్చింది. బావ కూడా అక్కడే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నగా తుంపర పడుతోంది. అక్క బయటికి వచ్చి, ఇద్దరినీ చూసి, సూది చేయి పట్టుకుంది. లాండ్రీలో అందరూ చప్పట్లు కొట్టారని, తనకు ఎక్కడ లేని సిగ్గు ముంచుకొచ్చిందని, కొత్త సూపర్‌వైజరు తనను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడిందని చెబుతూ నడిచి, సూదితో కలిసి బస్సు ఎక్కింది. బావ ఎక్కేలోగా బస్సు తలుపు మూసుకుంది.

బావ తర్వాతి బస్సులో వచ్చాడు.